నెమరులో దొరికిన చెట్టు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. గద్దకొండ కింద రోళ్ళు లేవు కాబట్టి ఆ ఏడు గేదె వీపు పగిలింది.

ఆ గేదె పేరు కాటుకమ్మ. ఎప్పుడో దూడగా ఉండగా ఊరు విడిచి కొండ కిందికి చేరింది. ఆ చుట్టుపక్కల గేదె ఆమె ఒక్కతే. కాటుకమ్మకు దేనికీ తొందర లేదు. ఎవరు పలకరించినా ముందు నోట్లో ఉన్నది మింగుతుంది, తర్వాత దాన్ని తిరిగి తెచ్చుకుని నెమరేస్తుంది, ఆ తర్వాతే జవాబు చెబుతుంది. పొద్దున్నే "బాగున్నావా అక్కా" అని అడిగి మేతకు పోయిన కుందేలు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు "బాగున్నానమ్మా" అన్న మాట విని, ఎవరితో అంటోందా అని వెనక్కి తిరిగి చూసేది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని వెనకాల నవ్వుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కాటుకమ్మ ఆ నవ్వులనూ నెమరేసుకునేదే గాని ఎవరినీ ఏమీ అనేది కాదు.

ఆమెకు కావలసింది ఒక్కటే, నీళ్ళు. తాగడానికి కాదు, పడుకోవడానికి. గేదెకు నీళ్ళలో పడుకోవడం మనకు నిద్రపోవడం లాంటిది, అది లేకపోతే మిగతావేవీ రుచించవు. కొండ కింద మూడుబండల మడుగు అని ఒకటుంది. వానాకాలంలో అందులో పది గేదెలు ఈదొచ్చు. ఆ వేసవికి మాత్రం అది ఒక్క గేదె, మహా అయితే పక్కన ఒక కప్ప పట్టేంత బురదగుంటగా మిగిలింది.

ఆ గుంటకు పెత్తందారు నక్క పైడయ్య. పెత్తనం అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఒకరోజు పై బండ మీదికెక్కి కూర్చుని, "ఇవాళ నీ వంతు, రేపు నీ వంతు" అనడం మొదలుపెట్టాడు. ఎవరో ఒకరు చెప్పాలి కదా అని అందరూ తలలూపారు. నాలుగో రోజు నుంచి అతన్ని అడగకుండా ఎవరూ మడుగులో కాలు పెట్టలేదు. వంతు తప్పి వచ్చినవాళ్ళను పైడయ్య తిట్టేవాడు కాదు. తోక సవరించుకుంటూ, "నీ వంతు ఎల్లుండి కదా" అని మెత్తగా అనేవాడు, అంతే. కాటుకమ్మ వంతు నాలుగు రోజులకొకసారి వచ్చేది. మూడు రోజులు ఆమె చర్మం ఎండిన చెరువు అడుగులా బీటలు తీసేది, నాలుగో రోజు అతుక్కునేది, మళ్ళీ మర్నాటి నుంచి మామూలే.

ఒక మంగళవారం పొద్దున్నే పైడయ్యే బండ దిగి ఆమె దగ్గరికొచ్చాడు. నక్క బండ దిగి వచ్చిందంటే ఏదో పనుండే వచ్చిందని కాటుకమ్మకూ తెలుసు. అయినా గడ్డి పక్కకు జరిపి చోటిచ్చింది.

"వదినా, సింగన్న దుంప ఎప్పుడైనా తిన్నావా?" అన్నాడు.

తినలేదని కాటుకమ్మ తల అడ్డంగా తిప్పింది. ఆ దుంప మాట మాత్రం వినని చెవి కొండ కింద లేదు.

అక్కడ బేస్తవారం బేస్తవారం ఎండిన వాగులో జంతువుల సంత జరుగుతుంది. ఆ పూట ఎవరూ ఎవరి మీదా పంజా ఎత్తకూడదని కట్టుబాటు. ఆ సంతలో ముళ్ళపంది సింగన్న ఒక మూల కూర్చుని దుంప కోసి పెడతాడు. మామూలు దుంప కాదు. మద్దెలంత ఉంటుంది, ఎర్రమన్ను పూసి ఉంటుంది, ముందుకూ వెనక్కూ ఒకేలా ఉంటుంది. దాన్ని వెదురు బద్దతో పల్చగా, ఇంకా పల్చగా, గాలికి ఎగిరేంత పల్చగా కోస్తాడు. దాని ఆకు ఎవరూ చూడలేదు, తీగ ఎవరూ చూడలేదు. ఎక్కడిదని అడిగితే, ఏడు కొండల అవతల, చీకటి గుహలో, నూరేళ్ళకొకటి ఊరుతుందని చెబుతాడు. తిన్నవాళ్ళు మాత్రం కళ్ళు మూసుకుని కాసేపు లోకంలో లేనట్టు ఉండిపోతారు.

పైడయ్యకు అదే కడుపుమంట. తన బండ దగ్గరికొచ్చేవాళ్ళు మొహాలు ముడుచుకుని వస్తారు, సింగన్న దగ్గరికి పోయేవాళ్ళు నవ్వుతూ పోతారు. నీళ్ళు తన చేతిలో ఉన్నాయి, ఆ దుంప కూడా చిక్కితే గద్దకొండ మొత్తం తన తోక కింద ఉంటుంది. సింగన్న వెనకే నక్కి నక్కి పోయి చూశాడు. సింగన్న ముళ్ళు గలగలలాడించి నిలబడేసరికి ముక్కు కాపాడుకుని తిరిగొచ్చాడు. తనే నాలుగుసార్లు తిని చూశాడు. కానీ నక్కది మింగే జాతి. గొంతు దిగిన తర్వాత దానికి ఏ రుచీ గుర్తుండదు.

"నీది నమిలే జాతి వదినా," అన్నాడు పైడయ్య. "ఒకసారి తిన్నదాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని, తీరిగ్గా విప్పి చూసే వరం నీకుంది. నువ్వు తిను. అది ఏ చెట్టుదో నాకు చెప్పు. చెబితే మడుగులో రోజూ నీదే వంతు."

రోజూ అన్న మాట దగ్గర కాటుకమ్మ నెమరు ఆగిపోయింది. ఆమె వీపు మీద ఒక బీట సరిగ్గా అప్పుడే చురుక్కుమంది.

"ఏ చెట్టుదో తెలిస్తే చెబుతాను మరిదీ," అంది.

"మాటేనా?"

"మాటే."

ఆమె జీవితంలో అంత తొందరగా జవాబు చెప్పింది అదొక్కసారే. ఆ తర్వాత చాలాసేపు తను ఏమన్నదో తనే నెమరేసుకుంటూ నిలబడింది.

బేస్తవారం సాయంత్రం ఎండ వాలుతుండగా కాటుకమ్మ వాగులోకి దిగింది. ఆమె సంతకు రావడం అదే మొదటిసారి. ఇసుక ఇంకా వేడిగానే ఉంది. ఉడతలు చింతపిక్కలు కుప్పలు పోశాయి, ఎలుగుబంటి ఇప్పపూల బుట్ట ముందు తనే కునుకు తీస్తోంది, ఎక్కడో ఎవరో మొగలి రేకు నలిపిన వాసన వస్తోంది. పొద్దు కుంకుమరంగు తిరిగి, వాగంతా ఆ రంగు పరుచుకుని, అందరి నీడలూ పొడుగ్గా ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. ఇది నిజంగా ఉందా, నీళ్ళు లేక తన తల తిరుగుతోందా అని కాటుకమ్మకు ఒకసారి అనుమానం వచ్చింది.

సింగన్న మూలలో మోదుగాకుల కట్ట పక్కన కూర్చుని ఉన్నాడు. ముసలివాడు. ముళ్ళు సగం తెల్లబడ్డాయి. అతని ముందు ఎర్రటి మద్దెల దుంప, దాని ముందు పొడుగు వరస. కాటుకమ్మ వరస చివర నిలబడింది. ఆ దుంపను చూస్తే ఆమెకు కొంచెం భయం కూడా వేసింది. గడ్డి అయితే గడ్డిలా ఉంటుంది, తవుడైతే తవుడులా ఉంటుంది. ఇది దేనిలానూ లేదు.

ఆమె వంతు వచ్చాక సింగన్న తలెత్తి చూశాడు.

"మొదటిసారా కోడలా?"

కాటుకమ్మ తలూపింది. తెచ్చిన పచ్చగడ్డి మోపు ముందు పెట్టబోయింది. అతను దాన్ని పక్కకు నెట్టాడు. మొదటిసారి తినేవాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకోనని, అది తన ఆచారమని చెప్పాడు. దానికి బదులు వాళ్ళు కళ్ళు మూసుకుని తినాలి, కళ్ళు తెరిచాక ఏం కనిపించిందో తనకు చెప్పాలి. అంతేనట.

వెదురు బద్ద దుంప మీద చప్పుడు లేకుండా జారింది. తెల్లటి ముక్క ఒకటి విడివడింది. సింగన్న దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని దిగుతున్న పొద్దుకు అడ్డంగా ఎత్తాడు. ముక్కలోంచి పొద్దు ఎర్రగా, గుండ్రంగా కనిపించింది. "కనిపిస్తోందా? కనిపిస్తేనే పెడతాను," అన్నాడు. దాని మీద అడవి నిమ్మ రెండు బొట్లు పిండి, ఉప్పురాయి గీకి చల్లి, పుట్టతేనె ఒక చుక్క వేసి, మోదుగాకులో పెట్టి ఆమె ముందుంచాడు.

కాటుకమ్మ కళ్ళు మూసుకుంది.

మొదట చల్లగా తగిలింది. తర్వాత ఏమీ లేదు, నాలుక మీద నాలుకే ఉన్నట్టుంది. ఆ తర్వాత, దూరాన ఎక్కడో వాన పడుతుంటే వచ్చే వాసనంత సన్నని తీపి ఒకటి మెల్లగా పైకి తేలింది. దాంతోపాటే ఒక చెరువు తేలింది.

అది నిండు చెరువు. కలువాకుల మధ్య నల్లటి వీపు ఒకటి మెరుస్తోంది. అది అమ్మ వీపు. అమ్మ మెడకు కొత్తగా పేనిన తాడు ఉంది, తాడు రెండో కొస గట్టు మీద మేకుకు కట్టి ఉంది. గట్టు మీద నిలబడి తను, ఇంకా కొమ్ములు మొలవని తను, ఆ తాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. అమ్మ మెడ తిప్పి చూసింది. నీళ్ళు ముక్కులోంచి బుస్సుమని చిమ్మింది. ఆ తుంపర తన మొహం మీద పడింది. అంత చల్లదనం ఆ తర్వాత ఎన్నడూ తగల్లేదని కాటుకమ్మకు అప్పుడు తెలిసింది. ఆమెకు ఏడుపు వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి పొద్దు పూర్తిగా దిగిపోయి, ఆకాశంలో వెలుగు కొంచెమే మిగిలింది. వెనక వరస ఇంకా పొడుగైంది గాని ఎవరూ ముందుకు జరగమనలేదు. మొదటిసారి తినేవాళ్ళను తొందరపెడితే సింగన్న ఊరుకోడు.

"ఏం కనిపించింది?" అని అడిగాడు సింగన్న.

"నీళ్ళు," అంది కాటుకమ్మ. కాసేపాగి, "నీళ్ళలో మా అమ్మ," అంది.

సింగన్న ఆ మాటను ఎంతో ఇష్టంగా విన్నాడు. ఇన్నేళ్ళలో నీళ్ళు చూసినవాళ్ళున్నారు గాని, అమ్మను చూసినవాళ్ళు ముగ్గురేనని చెప్పాడు. ఒళ్ళంతా ముళ్ళున్నవాడి దగ్గరికి ఎవరొస్తారు కోడలా, ఈ దుంప కోయడం మొదలుపెట్టాకే నా ఎదురుగా నలుగురు నిలబడి నాలుగు మాటలు చెబుతున్నారు అన్నాడు. ఆ మాట విన్నాక కాటుకమ్మకు ఆ పచ్చగడ్డి మోపును తిరిగి మోసుకుపోవడం కూడా కష్టమైంది.

తెల్లవారుజామున ఆమెకు నెమరు పట్టింది. సింగన్న ముక్క రుచి మళ్ళీ నోట్లోకి వచ్చింది, చెరువు మళ్ళీ వచ్చింది. ఈసారి గట్టు ఇంకా స్పష్టంగా కనిపించింది. అమ్మ తాడు కొత్తది, పచ్చి వాసన ఇంకా పోలేదు. గట్టు మీద ఒక ముసలాయన కూర్చుని పొడవాటి మట్టలను రాతి మీద దంచి నార తీస్తున్నాడు. ఆ నారతోనే అమ్మ తాడు పేనాడు. ఆ తాడుతోనే ఒకనాడు అమ్మను పశువుల సంతకు తోలుకుపోయారు. తను వెనకే పరిగెత్తి పరిగెత్తి, దారి తప్పి, ఈ కొండ కిందికి చేరింది. నిన్న తిన్న ముక్కలో తీపి అడుగున ఉన్నది ఆ తాడు రుచే.

మరి ఆ మట్టలు దేనివి? బూడిదరంగు ఆకుపచ్చవి, కత్తుల్లాంటివి, కొసన ముల్లున్నవి. కాటుకమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా, దున్నడం మానేసిన పాత చేను గట్టున, వరసగా, తెల్లవారే వెలుగులో నిలబడి ఉన్నాయి. రాకాసి మట్టలు. కంచె కోసం ఎవరో నాటి వదిలేసినవి. రోజూ వాటి పక్కనుంచే అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తారు, గీరుకుంటే తిట్టుకుంటారు. ఆ మట్టల నడుమ, నేలలో దాగిన మొదలే ఆ మద్దెల దుంప.

తెలిసిపోయింది. తెలిసినందుకు కాటుకమ్మకు సంతోషం కలగలేదు. చెబితే సింగన్న మూల ఖాళీ అవుతుంది. చెప్పకపోతే ఇచ్చిన మాట పోతుంది, మడుగూ పోతుంది. ఆమె లేచి, పైడయ్య బండ వైపు కాకుండా సింగన్న బొరియ వైపు నడిచింది. అక్కడ నిలబడి జరిగిందంతా, తను మాట ఇచ్చిన సంగతితో సహా, ఏదీ దాచకుండా చెప్పేసింది.

సింగన్న ముళ్ళు ఒకసారి లేచి, మళ్ళీ పడుకున్నాయి.

"మరి ఏడు కొండల అవతల అన్నావేం మామా?" అని అడిగింది.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు కోడలా. గుహలోదంటే కళ్ళు మూసుకుని తింటారు. కంచెలోదంటే కళ్ళు తెరుచుకుని, మూతి విరుస్తూ తింటారు. అట్లా తింటే ఎవరికీ ఏమీ కనిపించదు. అబద్ధమే. కానీ దానివల్ల ఎవరి నోరూ చేదు కాలేదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

సింగన్న బొరియ ముందున్న మన్నును కాలితో చదును చేశాడు. తర్వాత, "నెమరు పూర్తయిందా?" అన్నాడు.

"సగమే అయింది."

"అయితే పూర్తి కానీ. పూర్తయ్యాక పోయి మొత్తం చెప్పు. మాట ఇచ్చావు, చెప్పాల్సిందే. సగంలో మాత్రం ఆపకు, మొదటి నుంచి చివరిదాకా చెప్పు. విన్నాడా, వాడి అదృష్టం. వినలేదా..." అని సింగన్న మూతి తుడుచుకుని బొరియలోకి పోయాడు.

దారి పొడుగునా కాటుకమ్మ నెమరేస్తూనే నడిచింది. రెండో సగం అప్పుడు వచ్చింది. చెరువు గట్టున తను ఆ పచ్చి తాడును ఒకరోజు చప్పరించడంతో ఆపక గట్టిగా నమిలేసింది. నోరంతా మండింది, దురదపెట్టింది, నాలుక వాచి బయటికొచ్చింది. మూడు రోజులు పాలు తాగలేకపోయింది. ఆ మూడు రోజులూ అమ్మ మేత మానేసి తన మూతి నాకుతూ కూర్చుంది. పల్చటి ముక్కను ఎండకు ఎందుకు ఎత్తి చూస్తాడో, కనిపిస్తేనే పెడతాననే మాట ఎందుకంటాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ చెట్టులో తీపీ ఉంది, మంటా ఉంది. పల్చగా కోసినంతసేపు తీపి మాత్రమే పైకొస్తుంది.

పైడయ్య బండ మీద ఎదురుచూస్తున్నాడు. ఆమెను చూడగానే నిలబడ్డాడు.

కాటుకమ్మ మొదటి నుంచి మొదలుపెట్టింది. చెరువు గురించి చెప్పింది. కలువాకుల గురించి చెప్పింది. అమ్మ వీపు గురించి, తుంపర గురించి చెప్పింది. పైడయ్య ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. తాడు దాకా వచ్చేసరికి ఎండ బండ మీదికెక్కింది.

"వదినా, చెరువు నాకెందుకు? చెట్టు పేరు చెప్పు."

"అక్కడికే వస్తున్నాను. ముసలాయన మట్టలు దంచుతున్నాడు. అవి రాకాసి మట్టలు. సింగన్న దుంప వాటి మొదలే."

పైడయ్య ఒక్క దూకున కిందికి దిగాడు. రోజూ కళ్ళ ముందే ఉన్న కంచె చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ ముసలాడు ఇన్నాళ్ళూ కంచెను కోసి తినిపించాడా అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆగు మరిదీ, ఇంకా ఉంది. నేను చెప్పింది సగమే," అంది కాటుకమ్మ.

"ఆలస్యం అమృతం విషం. మిగతా సగం నువ్వే నములుకో వదినా," అని పైడయ్య చేను గట్టు వైపు పరుగు తీశాడు.

ఆమె మూడుసార్లు పిలిచింది. మూడోసారి పిలిచేసరికి అతని తోక కూడా కనిపించలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనేవాళ్ళు ఉంటారని వినడమే గాని, కాటుకమ్మ కళ్ళారా చూడడం అదే మొదటిసారి.

ఆ వారమంతా పైడయ్య బండ మీద లేడు. అయినా అతని భయం బండ మీదే ఉంది కాబట్టి ఎవరూ వంతు తప్పలేదు. ఒకసారి ఒంటి నిండా గీతలతో ఎదురైతే, నా రోజువారీ వంతు మాటేమిటని కాటుకమ్మ అడిగింది. సంత కానీ, చూద్దాం అన్నాడు. ఆమె మిగతా సగం చెప్పబోయింది. అతను అప్పటికే పొదలో ఉన్నాడు.

మళ్ళీ బేస్తవారం వచ్చింది. వాగు నడుమ, అందరికీ కనబడేట్టు, పైడయ్య కొత్త కొట్టు పెట్టాడు. మట్టలు పీకి తెచ్చిన పచ్చి దుంప ఒకటి ముందు నిలబెట్టి, పక్కనే సాక్ష్యానికి ఒక మట్ట కూడా పెట్టాడు. ఏడు కొండలూ లేవు, గుహా లేదు, ఇదిగో మన కంచె అని అందరికీ చాటాడు. "సింగన్న పెట్టేది గాలికెగిరే ముక్క. నేను పెట్టేది అరచేతి మందం. దీన్నే తినడం అంటారు," అన్నాడు.

అందరూ మట్టను చూశారు, సింగన్నను చూశారు. సింగన్న తల వంచుకుని తన దుంప మీది మన్ను తుడుస్తున్నాడు. అతని ముందు వరస ఒక్కొక్కరే తరిగి, వాగు నడుమ వరస పెరిగింది. అటు పోయినవాళ్ళలో కుందేలు అందరికంటే ముందుంది.

అది చూసి కాటుకమ్మ ఊరుకోలేకపోయింది. ఆమె రెండు వరసల మధ్యకు నడిచివచ్చి నిలబడింది.

"నేను సగమే చెప్పాను," అంది అందరికీ వినబడేట్టు. "మిగతా సగం విన్నాక తినండి."

కుందేలు నోటిదాకా తెచ్చుకున్న ముక్కను ఆకులో పెట్టేసింది. ఆ అక్క ఏదైనా చెప్పిందంటే దాని వెనక రెండుసార్లు నమిలిన ఆలోచన ఉంటుందని దానికి తెలుసు. "అయితే పైడయ్య మామా, ముందు నువ్వు తిను. నువ్వు తింటే మేమూ తింటాం," అంది.

అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గితే కొట్టూ పోతుంది, బండా పోతుంది. పైడయ్య అన్నిటికంటే మందమైన ముక్క తీసుకుని, కసుక్కున కొరికి, మింగే జాతి కాబట్టి నమలడం అలవాటు లేకపోయినా, అందరికీ చూపించడానికి ఆడించి ఆడించి నమిలాడు.

మొదట నవ్వాడు. తర్వాత నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. ఆ తర్వాత నాలుక బయటికొచ్చింది, మళ్ళీ లోపలికి పోలేదు. రెండు కాళ్ళతో మూతి రుద్దుకున్నాడు, ఇసుకలో దొర్లాడు. ఏదో చెప్పబోతే మాటకు బదులు గాలి వచ్చింది. లేచి మడుగు వైపు పరిగెత్తాడు. సంతంతా అతని వెనకే పోయింది.

మడుగులో ఒక బుల్లి తాబేలు తన వంతు ముగించుకుని గట్టెక్కుతోంది. దాని తర్వాత వంతు కాటుకమ్మది. పైడయ్య గుంటలో దూకబోతుంటే ఉడుము అడ్డంగా నిలబడింది. అది మాట్లాడడమే తక్కువ. తోక సవరించుకుని, మెత్తగా అంది:

"నీ వంతు ఎల్లుండి కదా."

ఎవరూ నవ్వలేదు. పైడయ్య బండ వైపు చూశాడు. బండ మీద ఎవరూ లేరు. ఎవరూ లేకపోయినా ఆ మాట ఎంత గట్టిగా పనిచేస్తుందో అతనికి మొదటిసారి తెలిసింది. వాచిన నోటితో, నీళ్ళు ఎదురుగా పెట్టుకుని, గట్టు మీద కూలబడ్డాడు.

కాటుకమ్మ మెల్లగా మడుగులోకి దిగింది. బురద పొట్టను తాకింది, వీపు మీది బీటల్లోకి చల్లదనం పాకింది. కళ్ళు మూతలుపడుతుంటే ఆమెకు మళ్ళీ ఆ చెరువు కనిపించింది, మూతి వాచిన దూడ కనిపించింది, మేత మానేసి దాని మూతి నాకుతున్న అమ్మ కనిపించింది. కాటుకమ్మ కళ్ళు తెరిచి, ఒక పక్కకు ఒత్తిగిలి, ఒక కప్ప పట్టేంత చోటును నక్క పట్టేంత చోటు చేసింది.

"రా మరిదీ. నా వంతులో నీకు కాస్త ఇస్తాను. మూతి నీళ్ళలో పెట్టుకుని కూర్చో."

పైడయ్య దిగి, గడ్డం దాకా బురదలో మునిగి కూర్చున్నాడు. అతను కదల్లేడు, మాట్లాడలేడు, లేచిపోతే నోరు మండుతుంది.

"ఇప్పుడు మిగతా సగం చెప్పనా?" అంది కాటుకమ్మ.

చెప్పింది. పచ్చి తాడు నమిలిన రోజు నుంచి, మొదటి రోజూ రెండో రోజూ మూడో రోజూ, ఏదీ వదలకుండా, మధ్య మధ్య నెమరేసుకుంటూ పొద్దు గూకేదాకా చెప్పింది. పైడయ్య ఒక్క మాట అడ్డు రాకుండా మొత్తం విన్నాడు. అతను ఒక కథను చివరిదాకా వినడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆ తర్వాత బండ ఎక్కే అవసరం ఎవరికీ రాలేదు. వంతులు వాళ్ళే మాట్లాడుకున్నారు, ఎక్కువ ఎండిపోయేది గేదె వీపే కాబట్టి కాటుకమ్మకు రోజు విడిచి రోజు అన్నారు. సింగన్న దుంప కంచెలోదని అందరికీ తెలిసిపోయింది. అయినా ఆ మట్టను ముట్టుకునే ధైర్యం ఇంకెవరికీ లేకపోయింది. దాని మంట తీసి తీపిని మిగిల్చే చెయ్యి సింగన్నకొక్కడికే ఉంది. పై బేస్తవారం అతని ముందు వరస వాగు మలుపు దాకా సాగింది. ఆ వరసలో కాటుకమ్మ కూడా ఉంది, పచ్చగడ్డి మోపుతో. ఈసారి మోపును సింగన్న కాదనలేదు.

"రహస్యం పోయింది కదా మామా, బాధగా ఉందా?" అని అడిగింది.

సింగన్న ముక్కను పొద్దుకు ఎత్తి పట్టుకుని, దానిలోంచి ఆమె మొహం చూశాడు.

"గుహలోది కాదని తెలిసి కూడా కళ్ళు మూసుకుంటున్నారు కోడలా," అన్నాడు. ముక్క మీద నిమ్మ రెండు బొట్లకు బదులు మూడు పిండాడు.

వరసలో అందరికంటే వెనక, తోక కాళ్ళ మధ్య దాచుకుని, వాపు తగ్గిన మూతితో పైడయ్య నిలబడి ఉన్నాడు. ఎవరినీ తోసుకుని ముందుకు రావడం లేదు.

అందుకే మా వైపు పెద్దలు పిల్లలకు చెబుతారు: దుంపైనా మాటైనా, పూర్తిగా తెలియకుండా కొరికినవాడి నోరే వాస్తుంది.